అంకెల పెట్టెయు హద్దురాయియు



ఈ సాయంకాలము నేను మనవి చేయదలచిన విషయము లేత్, మిల్లింగు మొదలగు ఇనుపపని యంత్రములపై అమర్చెడి ఒక చిన్న పెట్టెను గూర్చినది. యంత్రము ఎంత దూరము జరిగినదో ఆ పెట్టె అంకెలలో చూపును. దానిని డిజిటల్ రీడౌట్ అందురు. పనివారు పొడి అక్షరములతో డి.ఆర్.ఓ. అని పిలుతురు. ఈ ప్రసంగములో దానిని అంకెల పెట్టె అనియే వ్యవహరింతును. "సేద్యము చేసికొను మాకు దీనితో నేమి ప్రయోజనము?" అని మీలో కొందరు అడుగవచ్చును. దానికి జవాబు మీ బావిగట్టుననే యున్నది.

సిద్దిపేట సీమ మెట్టసీమ. 2020 వ సంవత్సరమున రంగనాయక సాగరమునకు గోదావరి జలములు చేరినవి. అయినను మోటారుపై ఆధారపడిన కమతములు నేటికిని ఈ జిల్లాలో పెక్కు గలవు. వరి పొట్టకు వచ్చిన దినములలో మోటారు నిలిచిపోయినచో ఆ రైతునకు నిద్ర పట్టదు. మోటారును విప్పి పట్టణమునకు తెచ్చును. వైండింగు కాలినదని మెకానిక్కు చెప్పును. షాఫ్టు అరిగినదని దానిని లేత్ దుకాణమునకు పంపును. అచ్చట పనివాడు అరిగినచోట వెల్డింగుతో లోహము నింపి, మరల యంత్రముపై కోసి, బేరింగు బిగువుగా కూర్చుండునట్లు చేయును.

ఆ బిగువు ఎంత యుండవలెను? గట్టుమీద నిలుపు మోటారులో 25 మిల్లీమీటర్ల రంధ్రముగల బేరింగు ఉన్నదనుకొందము. దానిలో దూరెడి షాఫ్టు భాగము సామాన్యముగా 25.002 మిల్లీమీటర్లకు తగ్గరాదు, 25.015 కు మించరాదు. మిల్లీమీటరును వేయి భాగములు చేసినచో ఒక్కొక్క భాగమునకు మైక్రాను అని పేరు. అనగా పై రెండు హద్దుల నడుమ నున్న చోటు 13 మైక్రానులు మాత్రమే. మనము వ్రాసికొను కాగితపు మందము సుమారు 100 మైక్రానులు. కాగితపు మందములో ఎనిమిదవ వంతు చోటులో పనివాని చేయి నిలువవలెనన్నమాట. షాఫ్టు అంతకన్న సన్నమైనచో బేరింగు లోపలి వలయము షాఫ్టుపై జారి తిరుగును, వేడి పుట్టును, షాఫ్టు మరింత అరుగును, తుదకు లోపల తిరుగు భాగము నిలిచియున్న భాగమునకు రాచుకొని వైండింగు మరల కాలును. లావైనచో బేరింగు గుండ్లు పట్టుకొనిపోవును. రైతు రెండవసారి సొమ్ము పెట్టును. అంతలో పైరు ఎండును. ఈ కారణముచేతనే లేత్ దుకాణములోని కొలత గ్రామమునకు సంబంధించిన విషయమని నేను చెప్పుచున్నాను.

పూర్వము ఈ కొలత ఎట్లు చేయుచుండిరో మొదట చూతము. లేత్ యంత్రమునకు చేతిచక్రములుండును. చక్రము త్రిప్పినచో మరస్క్రూ తిరిగి, పనిముట్టును మోయు పలక జరుగును. చక్రము చుట్టును గీతలు గల వలయమొకటి యుండును. ఎన్ని గీతలు తిరిగినదో లెక్కించి, పలక అంత దూరము జరిగినదని పనివాడు ఊహించును. ఇది ఊహయే గాని కొలత కాదు. ఏలయన, ఏండ్లు గడచిన కొలది స్క్రూయును దాని మరబిళ్ళయును అరుగును. చక్రమును వెనుకకు త్రిప్పినప్పుడు కొంతదూరము చక్రము తిరుగునే గాని పలక కదలదు. పనివారు దీనిని ప్లే అందురు. మంచి పనివాడు ఈ సంగతి నెరిగి, ఎల్లప్పుడును ఒకే దిక్కునుండి కొలతకు వచ్చును. చుట్లను మనసులో లెక్కపెట్టుకొనును. నడుమ ఎవరైన పిలిచినచో లెక్క తప్పును. ఇట్టి కష్టములతోనే మన పెద్దలు చక్కని పని చేసిరి. వారి నేర్పు తక్కువది కాదు.

అంకెల పెట్టె స్క్రూను నమ్మదు. పలక నిజముగా ఎంత జరిగినదో దానినే కొలుచును. ఇదియే దాని గొప్ప. యంత్రపు పలక వెంబడి ఒక అల్యూమినియము గొట్టములో గాజు స్కేలు అమర్చబడియుండును. ఆ గాజుపై మిల్లీమీటరునకు 50 గీతల చొప్పున సన్నని గీతలుండుట సామాన్యము. దానిపై నడచు చిన్న తలయొకటి గలదు. తలలోను అట్టి గీతలే గల గాజుముక్క, ఒక దీపము, వెలుతురును గుర్తించు సాధనములు ఉండును. తల కదలినప్పుడు గీతమీద గీత, సందుమీద సందు వచ్చినపుడు వెలుగు కనబడును. గీత సందును మూసినపుడు చీకటి యగును. ఆ వెలుగు చీకట్లను లెక్కపెట్టి పెట్టె అంకెలు చూపును.

సిద్దిపేట గొల్లభామ చీరలు నేయు సోదరులకు ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. రెండు పలుచని బట్టలను ఒకదానిపై నొకటి పరచి కొంచెము జరిపినచో నీటి అలలవంటి చారలు కదలుట వారు చూచియుందురు. దారము వెంట్రుకవాసి జరిగినను అల జానెడు జరిగినట్లు కనబడును. అట్టి అలలు గల పట్టుబట్టకు ఫ్రెంచివారు మోయిరే అని పేరిడిరి. శాస్త్రజ్ఞులును ఆ పేరునే గ్రహించిరి. ఆంగ్ల శాస్త్రజ్ఞుడు రేలీ ప్రభువు 1874 వ సంవత్సరమున సన్నగీతల పలకలను పరీక్షించుటకు ఈ అలలు ఉపకరించునని వ్రాసెను. 1950 దశకమున ఎడింబరోలోని ఫెరాంటి సంస్థవారు ఈ అలలనే యంత్రముల కొలతకు వినియోగించిరి. 1889 లో బెర్లిను నగరమున లోహపు చెక్కడపు పనితో మొదలైన హైడెన్‌హైన్ సంస్థ కాలక్రమమున ఇట్టి గీతల స్కేళ్ళకు ప్రసిద్ధి చెందినది.

ముందునకు జరిగినదో వెనుకకు జరిగినదో పెట్టెకు తెలియుటెట్లు? బండిబాటపై ఇద్దరు మనుష్యులు కొంచెము దూరముగా నిలిచియున్నారనుకొనుడు. ఎవడు బండిని ముందుగా చూచెనో తెలిసినచో బండి ఏ దిక్కునకు పోయినదో తెలియును. తలలోని రెండు సాధనములును అట్లే, ఒక గీతలో నాలుగవ వంతు ఎడముగా నిలిచియుండును. ఈ యేర్పాటువలన ఒక్కొక్క గీతకు నాలుగు లెక్కలు వచ్చును. గీతకును గీతకును నడుమ 20 మైక్రానులు గనుక, పెట్టె 5 మైక్రానుల మెట్లతో అంకెలు చూపును. పాత పెట్టెలలో పెక్కింటి చివరి అంకె 0 గాని 5 గాని యగుటకు కారణమిదియే.

ఈ పాత పెట్టెలు మన పల్లెలకు సమీపించుట ఎట్లు? హైదరాబాదు సీమలో యంత్రపనికి పునాది చాల కాలము క్రిందటనే పడినది. 1943 లో సికింద్రాబాదున ప్రాగా టూల్సు వెలసినది. 1960 దశకమున హిందూస్థాన్ మెషీన్ టూల్సు వారు హైదరాబాదులో కర్మాగారము నెలకొల్పిరి. 1968 లో బాలానగరమున పనిముట్ల రచన నేర్పు కేంద్ర సంస్థ ఏర్పడి నేటికిని విద్యార్థులకు శిక్షణ నిచ్చుచున్నది. కర్మశాలలు క్రొత్త యంత్రములు కొనినప్పుడు గాని, మూతపడినప్పుడు గాని, పాత యంత్రములు అమ్మకమునకు వచ్చును. ఇనుము గట్టిది; యాబది యేండ్ల లేత్ యంత్రమైనను చక్కబెట్టినచో పనిచేయును. దానితోపాటు పాత అంకెల పెట్టెయు వచ్చును. మీ కుమారుడో, మేనల్లుడో, కుమార్తెయో అట్టి యంత్రము కొనుటకు అప్పు చేయుదునని మీ యొద్దకు రావచ్చును. అప్పుడు మీరు ఏమి అడుగవలెనో చెప్పుదును.

మొదటిది: పెట్టెను వెలిగించి ప్రతి అంకెను చూడవలెను. ఈ అంకెలు ఏడు చిన్న గీతలతో ఏర్పడును. ఒక గీత ఆరిపోయినచో 8 అను అంకె 0 గా గాని 6 గా గాని 9 గా గాని కనబడును. చీకటియైన పెట్టె ఎవరిని మోసగింపదు. సగము వెలిగిన అంకె మోసగించును.

రెండవది: పలకను ఒక గట్టి ఆధారమునకు ఆనించి అంకెలను సున్న చేయవలెను. డయల్ గేజి ముల్లును అచ్చటనే సున్నకు తేవలెను. పిమ్మట పలకను చివరినుండి చివరవరకు పదిసార్లు, మెల్లగను వేగముగను నడపి, మరల డయల్ గేజి సున్నకు వచ్చునట్లు అదే చోటునకు తేవలెను. పెట్టెపై మరల సున్నయే రావలెను. రానిచో గాజుపై నూనె మురికి చేరినదో, గీతలు చెడినవో, తల వదులైనదో యని గ్రహింపవలెను.

మూడవది: తప్పు స్కేలులో నున్నదా, పెట్టెలో నున్నదా? అడ్డపలక తీగను, నిలువుపలక తీగను ఊడదీసి ఒకదాని స్థానమున నొకటి తగిలింపవలెను. విద్యుత్తు నిలిపిన తరువాతనే ఈ పని చేయవలెను. తప్పు తీగతోకూడ రెండవ అంకెల వరుసకు పోయినచో దోషము స్కేలుదియో తలదియో. తప్పు అదే వరుసలో నిలిచినచో దోషము పెట్టెది. ఈ చిన్న పరీక్షవలన కొనుగోలు ధర తేలును. పెట్టె బాగుచేయుట ఒక వెల. పగిలిన గాజు స్కేలు మార్చుట వేరొక వెల.

ఇక అమర్చు విధము. స్కేలు పలక నడచు దారికి సమాంతరముగా నుండవలెను. డయల్ గేజిని స్కేలు గొట్టముపై ఆనించి పలకను మొదటినుండి తుదివరకు నడపి చూడవలెను. ప్రక్కకును, పైకిని రెండు విధముల చూడవలెను. ముల్లు మొత్తముమీద మిల్లీమీటరులో పదియవ వంతుకు మించి కదలరాదని సామాన్య నియమము. స్కేలు వంకరగా నున్నచో ఏమగును? 100 మిల్లీమీటర్లలో 1 మిల్లీమీటరు వంపున్నచో ప్రతి 100 మిల్లీమీటర్లకును 5 మైక్రానుల తప్పు వచ్చును. అంతకన్న ముఖ్యముగా తల స్కేలుకు రాచుకొని గాజు పగులును. తలకును గొట్టమునకును నడుమ తయారుచేసినవారు చెప్పిన సందు ఉండవలెను. పలక ఎంత దూరము పోగలదో స్కేలు అంతకన్న కొంచెము పొడవుండవలెను; లేనిచో ఒకనాడు చేతిచక్రము వేగముగ త్రిప్పినప్పుడు తల చివరకు కొట్టుకొని పాడగును. గొట్టమునకుగల రబ్బరు పెదవులు క్రిందికి గాని, లోహపు పొట్టు పడని దిక్కునకు గాని తిరిగియుండవలెను. గాలిపంపుతో ఊదుట బొత్తిగా కూడదు. పొట్టు బయటికి పోదు; లోపలికి పోవును. పెట్టెకు భూమితీగ తప్పక యుండవలెను. వెల్డింగు యంత్రము నడచు తీగనుండియే దీనికి విద్యుత్తు తీసికొన్నచో అంకెలు ఊరక గంతులు వేయును.

ఇంతవరకు చెప్పినది శరీరము వంటిది. ప్రాణము వంటిది సున్న. దీనిని మీకు వివరించుటకు హద్దురాయికన్న మంచి ఉపమానము నాకు దొరకలేదు. సర్వే గొలుసు ఎంత సరియైనదైనను, కొలత మొదలుపెట్టిన హద్దురాయి జరిగియున్నచో తరువాతి కొలతలన్నియు తప్పే. గెట్టు తగాదాలు తీర్చిన పెద్దలకు ఇది తెలియని సంగతి కాదు. గొలుసు ఎన్ని గుంటలో చెప్పునే గాని రాయి ఎవరు జరిపిరో చెప్పదు. అంకెల పెట్టెయు అట్టిదే. పనివాడు చూపిన చోటునుండి అది నమ్మకముగా లెక్కించును. ఆ చోటు తప్పైనచో నమ్మకముగా తప్పే చెప్పును.

లేత్ పనిలో సున్న పెట్టు విధము వినుడు. షాఫ్టును యంత్రమున బిగించి, పనిముట్టుతో సన్నని పొర యొకటి తీయవలెను. అడ్డపలకను కదల్చక, పనిముట్టును షాఫ్టు వెంబడి ప్రక్కకు తీయవలెను. యంత్రమును నిలిపి మైక్రోమీటరుతో షాఫ్టును కొలువవలెను. 26.340 వచ్చినదనుకొనుడు. ఆ 26.340 నే పెట్టెలో నొక్కవలెను. అప్పటినుండి పెట్టెపై కనబడు అంకె షాఫ్టు మందమే. 25.200 వరకు కోసి, మరల నిలిపి, మరల మైక్రోమీటరుతో చూచి, తేడా యున్నచో అంకెను సరిదిద్ది, అప్పుడు కడపటి సన్నపొర తీయవలెను. కడపటి మాట మైక్రోమీటరుది. 5 మైక్రానుల మెట్లతో నడచు పెట్టెను మాత్రమే నమ్మి 13 మైక్రానుల చోటులో నిలువబోవుట సాహసము.

ఇచ్చట మూడు గోతులు గలవు. మొదటిది వ్యాసము, వ్యాసార్థము. అడ్డపలక 1 మిల్లీమీటరు లోపలికి పోయినచో షాఫ్టు మందము 2 మిల్లీమీటర్లు తగ్గును. పెట్టెను వ్యాసము చూపునట్లు గాని, పలక నడక చూపునట్లు గాని అమర్చవచ్చును. ఏది అమర్చినది పనివాడు ఎరుగనిచో 0.2 తీయబోయి 0.4 తీయును. కోసిన లోహము మరల రాదు. రెండవది, అడ్డపలకపైన నుండు చిన్నపలక. సామాన్యముగా దానికి స్కేలు ఉండదు. దానిని త్రిప్పినచో పనిముట్టు కదలును గాని పెట్టెకు ఆ సంగతి తెలియదు. మూడవది పనిముట్టు. దానిని మార్చినను, నూరినను, మొన అరిగినను హద్దురాయి జరిగినట్లే. మరల సున్న పెట్టవలెను.

కొలమానముల తికమకయు కలదు. మన దేశమున 1956 లో తూనికలు కొలతల శాసనము వచ్చినది. 1957 ఏప్రిల్ 1 నుండి నయాపైసలు చెలామణియైనవి. అణాలనుండి పైసలకు, శేర్లనుండి కిలోలకు మారిన దినములలో సంతలో జరిగిన తగవులు మీ పెద్దలు చెప్పగా వినియుందురు. పాత యంత్రములు కొన్ని నేటికిని అంగుళముల స్క్రూలతోనే నడచుచున్నవి. అంకెల పెట్టెకు దానితో నిమిత్తము లేదు. ఒక మీట నొక్కినచో అంగుళములు, మరల నొక్కినచో మిల్లీమీటర్లు చూపును. అంగుళమునకు సరిగా 25.4 మిల్లీమీటర్లు. ఇది గొప్ప సౌకర్యము. కాని ఉదయము దుకాణము తెరచినప్పుడు పెట్టె ఏ మానములో నున్నదో చూచి పని మొదలుపెట్టుట మంచి అలవాటు.

మిల్లింగు యంత్రముపై ఈ పెట్టె మరింత ఉపకారి. పంపు మూతబిళ్ళకు ఆరు రంధ్రములు వలయముగా వేయవలెననుకొనుడు. పూర్వము కంపాసుతో గీసి, పంచితో గుర్తు కొట్టి, బరమాతో తొలుచుచుండిరి. రంధ్రములు ఇంచుక తప్పినచో బోల్టు దూరదు. దూరినను మూత ఒకవైపు బిగిసి నీరు కారును. వలయపు వ్యాసము 120 మిల్లీమీటర్లైనచో, నడిమి బిందువునుండి మొదటి రంధ్రము 60 దూరమున నుండును. రెండవది అడ్డముగా 30, నిలువుగా 51.96. మూడవది అడ్డముగా ఎదురుదిక్కున 30, నిలువుగా 51.96. తక్కినవి ఇట్లే. కొన్ని పెట్టెలు ఈ లెక్క తామే చేయును. చేయని పాత పెట్టెయైనను చింత లేదు. ఉన్నత పాఠశాలలో త్రికోణమితి చదివిన బాలబాలికలు కాగితముపై అయిదు నిమిషములలో చేయగలరు. చదువు చేతిపనికి ఉపకరించుట ఇట్టిచోటనే కనబడును.

నడిమి బిందువును కనుగొనుటయు సులభము. ఒక అంచును తాకి సున్న పెట్టి, ఎదుటి అంచును తాకి, సగము చేయు మీట నొక్కినచో, సున్న వచ్చు చోటే నడిమి. ఒక అంచునుండియే కొలుచునప్పుడు మాత్రము తాకెడి కడ్డీ మందములో సగము లెక్కలో కలుపవలెను. 10 మిల్లీమీటర్ల కడ్డీ యైనచో 5. దీనిని మరచినచో రంధ్రములన్నియు ఒకే తీరున ఒకవైపునకు జరిగిపోవును. ఇట్టి పెట్టెలలో సామాన్యముగా రెండు విధముల సున్నలు గలవు. ఒకటి స్థిరమైనది, అది ఊరి హద్దురాయి. రెండవది ఎప్పటికప్పుడు పెట్టుకొనునది. అది ఆ పూటకు పాతిన గూటము. గూటమును ఎన్నిసార్లైన మార్చవచ్చును. హద్దురాయిని మాత్రము పని ముగియువరకు ముట్టరాదు.

నడుమ కరెంటు పోయినచో? పాత పెట్టెలలో పెక్కు సున్నను మరచును. కొన్ని జ్ఞాపకముంచుకొన్నను, చీకటిలో పలక కదలినచో ఆ కదలిక వాటికి తెలియదు. ఇందుకొరకే గాజు స్కేలుపై ఒక ప్రత్యేకమైన గుర్తు ఉండును. పని మొదలిడునప్పుడు తలను ఆ గుర్తుమీదుగా నడిపి లెక్క వ్రాసికొన్నచో, కరెంటు వచ్చిన పిదప మరల ఆ గుర్తును దాటించి పాత సున్నను పొందవచ్చును. పది నిమిషముల ఈ శ్రమ చేయని పనివాడు సగము పూర్తియైన పనిని పారవేయవలసివచ్చును.

ఎండను గూర్చియు ఒక మాట. లోకమంతట యంత్రపు కొలతలు 20 డిగ్రీల ఉష్ణమునకు చెప్పబడును. మన సీమలో వేసవి మధ్యాహ్నము 40 దాటుట మీరెరుగుదురు. కోత వేడి అంతకన్న అధికము. ఉక్కు వేడెక్కినచో పెరుగును. 100 మిల్లీమీటర్ల ఉక్కు 10 డిగ్రీలు వేడెక్కినచో 11 లేక 12 మైక్రానులు పెరుగును. 25 మిల్లీమీటర్ల షాఫ్టు 40 డిగ్రీలు అధికముగా వేడెక్కినను అంతే పెరుగును. అప్పుడు 25.010 అని కొలిచినది చల్లారిన పిదప 25 కు లోపలనే యుండును. మన హద్దుల నడుమ చోటు 13 మైక్రానులేనని మరువకుడు. కావున కడపటి పొర తీయుటకు మునుపును, కడపటి కొలతకు మునుపును షాఫ్టును చల్లారనీయవలెను. తొందరపెట్టు రైతును కొంతసేపు నీడను కూర్చుండబెట్టి మజ్జిగ ఇచ్చు దుకాణదారుడు ఆ రైతునకు మేలే చేయుచున్నాడు.

మైక్రోమీటరు సరియైనదని ఎట్లు తెలియును? దానికి ఒక ప్రమాణపు ముక్క ఉండును. వారమునకొకసారి దానితో పరీక్షింపవలెను. ఆ ముక్క అంతకన్న గొప్ప ప్రమాణముతో, అది మరియొకదానితో సరిచూడబడి, తుదకు ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో రక్షింపబడు మీటరు ప్రమాణమువరకు ఆ గొలుసు పోవును. ఊరి అంగడిలోని కిలోరాతిపై ముద్ర యుండవలెనని మనము పట్టుబట్టుదుము గదా. లేత్ దుకాణములోని కొలతకును అట్టి పుట్టుపూర్వోత్తరములు ఉండవలెను.

పెద్దలారా, మీతో మూడు మాటలు మనవి చేసి ముగింతును. మీ మోటారు షాఫ్టు లేత్ పనికి పోయినప్పుడు, చల్లారిన పిదప మైక్రోమీటరుపై వచ్చిన కొలతను చీటీపై వ్రాసి యిమ్మని అడుగుడు. ఇది అనుమానము కాదు. ధాన్యము తూచినప్పుడు ముల్లు చూచుటవంటిది. నిజాయితీగల పనివాడు సంతోషముతో వ్రాసి యిచ్చును. మరల మోటారు చెడినచో ఆ చీటీవలన తప్పు షాఫ్టుదా, బేరింగుదా, వైండింగుదా తేలును.

రెండవది, మీ యింటి పిల్లలు యంత్రము కొందుమనినచో వద్దనకుడు. మూడు పరీక్షలును చేయించి, సున్న పెట్టుట వారికి వచ్చునో లేదో అడిగి, అప్పుడు సహాయము చేయుడు. అంకెల వెలుగు చూచి యంత్రము కొత్తదనుకొని అధిక ధర యిచ్చువారు గలరు. పెట్టె లేనందున మంచి యంత్రమును విడిచిపెట్టువారును గలరు. యంత్రపు దారులు సరిగా నున్నచో పెట్టెను తరువాత అమర్చవచ్చును. దారులు అరిగిన యంత్రమునకు ఎంత గొప్ప పెట్టె తగిలించినను అది సరిగా కోయదు.

మూడవది, మీ యూరిలోని వృద్ధుడైన కమ్మరినో, లేత్ మేస్త్రీనో క్రొత్త పనివాని చెంత కూర్చుండబెట్టుడు. కోత శబ్దము విని పనిముట్టు మొద్దుబారినదని ఆయన చెప్పగలడు. పొట్టు రంగు చూచి వేడి యెంతో చెప్పగలడు. ఈ రెండును అంకెల పెట్టెకు రావు. చుట్లు లెక్కించు బాధను పెట్టె ఆయనకు తప్పించును. సున్న ఎచ్చట పెట్టవలెనో ఆయన పిల్లవానికి నేర్పును. అట్టి దుకాణము మండలమునకొక్కటి యున్నను, పొట్టమీది పైరు నీటికై ఎదురుచూచు దినములు మన సీమలో కొన్ని యైన తగ్గును.